పచ్చని చెట్టు బలమైన చెట్టేనా?



ఎవరినైనా లేనిపోని పొగడ్తలతో ఉబ్బించి పనిలోకి దింపితే, దాన్ని మనం ‘మునగచెట్టు ఎక్కించడం’ అంటాం. మామిడిచెట్టు అనం, చింతచెట్టు అనం. మునగచెట్టే ఎందుకు? మునగ కర్ర మెత్తన. కొమ్మలు పెళుసు. ఎక్కినవాడు కింద పడతాడు. చెట్టు పచ్చగా ఉన్నా, పూత కాతలతో నిండుగా ఉన్నా, మనిషి బరువును మోసే శక్తి దానికి లేకపోవచ్చునని మన పెద్దలు ఆ ఒక్క మాటలోనే చెప్పారు.

ఈనాటి ప్రసంగానికి ఆ మాటే పునాది. చెట్టు బతికి ఉండటం వేరు, బలంగా ఉండటం వేరు. ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్ల ఏటా ఎందరో చెట్ల మీద నుంచి, చెట్లతోపాటు కూడా పడిపోతున్నారు. పుచ్చిన చెట్టును ఎక్కవచ్చో లేదో, దాన్ని ఎలా తొలగించాలో నిర్ణయించడానికి వృక్షశాస్త్రం, భౌతికశాస్త్రం కలిసి ఎలా తోడ్పడతాయో ఈరోజు తెలుసుకుందాం.

దీని గురించి మాట్లాడటానికి నాకు సొంత కారణం కూడా ఒకటుంది. చాలా ఏళ్ల కిందట నేను జీవశాస్త్రం చెప్పిన ఒక పాఠశాల ఆవరణలో పెద్ద తురాయి చెట్టు ఉండేది. వానలు మొదలవగానే దాని మొదట్లో, నేలకు జానెడు ఎత్తులో, చెక్కలా గట్టిగా ఉండే గోధుమరంగు పుట్టగొడుగులు వచ్చేవి. పూతికాహారుల పాఠం వచ్చినప్పుడు పిల్లలను అక్కడికి తీసుకువెళ్లి వాటిని చూపించేదాన్ని. అలా మూడేళ్లు చూపించాను. నాలుగో ఏడు, కరెంటు తీగలకు తగులుతున్న కొమ్మలు నరకడానికి ఒక మనిషిని పిలిచారు. చెట్టు నిండా ఆకు ఉంది. ఆయన ఎక్కి రెండో కొమ్మ నరుకుతుండగా చెట్టు మొదలంటా ఒరిగిపోయింది. వేళ్లు మట్టిని పెకలించుకుని పైకి రాలేదు. పుచ్చిపోయి, మొదట్లోనే పుటుక్కున తెగాయి. ఆయన ప్రాణాలతో బయటపడ్డాడు గాని తుంటి విరిగింది. మళ్లీ చెట్టెక్కలేదు. ఆ పుట్టగొడుగు శాస్త్రీయ నామం మా పిల్లలకు కంఠతా వచ్చు. అది ఏం చెబుతోందో మాత్రం నాకే తట్టలేదు.

చెట్టు బలం ఎక్కడుంది?

చెట్టు కాండాన్ని అడ్డంగా కోసి చూస్తే బెరడు కింద పోషక కణజాలం, దాని లోపల సన్నని పొరగా కేంబియం, ఆ లోపలంతా దారువు కనిపిస్తాయి. దారువులో బయటి భాగం రసదారువు. నీరు పైకి వెళ్లేది దీని గుండానే. మధ్యలో ముదురు రంగులో ఉండేది చేవదారువు. చేవదారువులో బతికి ఉన్న కణాలు ఉండవు. అంటే ఆకులకు నీరు అందించే పని, ఆహారం రవాణా చేసే పని అన్నీ బయటి కొద్ది అంగుళాల మందంలోనే జరిగిపోతాయి. లోపలి చేవ అంతా పుచ్చి తొర్ర అయినా చెట్టు పచ్చగా చిగురించగలదు. పచ్చదనం చెట్టు నీటి సరఫరా గురించి చెబుతుంది. కర్ర గట్టిదనం గురించి చెప్పదు.

మరి కర్రకు గట్టిదనం ఎక్కడిది? ఇల్లు కట్టేటప్పుడు స్లాబులో ఇనుప చువ్వలు, కాంక్రీటు వేయడం మీరు చూసే ఉంటారు. కర్రలో చువ్వల పని సెల్యులోజ్ పోగులు చేస్తాయి. సాగదీసే బలాన్ని అవి తట్టుకుంటాయి. కాంక్రీటు పని లిగ్నిన్ చేస్తుంది. నొక్కే బలాన్ని అది తట్టుకుంటుంది. కర్రను తినే శిలీంధ్రాలు ఈ రెండింటిలో దేన్ని ముందు తింటాయన్న దాన్నిబట్టి కుళ్లు స్వభావం మారుతుంది.

గోధుమ కుళ్లులో శిలీంధ్రం ప్రధానంగా సెల్యులోజ్‌ను తినేసి లిగ్నిన్‌ను వదిలేస్తుంది. చువ్వలు తీసేసిన స్లాబును ఊహించుకోండి. కర్ర గోధుమరంగుకు మారి, చిన్న చిన్న ఘనాలుగా పగిలి, వేళ్ల మధ్య నలిపితే పొడి అవుతుంది. ఇలాంటి కర్ర ఏ హెచ్చరికా లేకుండా ఫట్టున విరుగుతుంది. బరువులో తగ్గుదల కొద్దిగానే ఉన్న తొలిదశలోనే ఇది చాలా బలాన్ని కోల్పోతుంది. తెల్ల కుళ్లులో లిగ్నిన్ కరిగిపోతుంది, దానితోపాటు సెల్యులోజ్ కూడా కొంత పోతుంది. కర్ర తెల్లబడి, పీచుగా, స్పాంజిలా తయారవుతుంది. ఇలాంటి కర్ర విరిగేముందు కొంత వంగవచ్చు. వేళ్లలోకి ఈ కుళ్లు పాకితే మాత్రం చెట్టు నిలబడిన చోటనే పడిపోతుంది. మా పాఠశాల చెట్టు మొదట్లో ఉన్నది గానోడెర్మా. అది తెల్ల కుళ్లు తెచ్చే శిలీంధ్రం.

గాయం మానదు, మూసుకుంటుంది

మన వేలు తెగితే కొత్త చర్మం వచ్చి గాయం మానుతుంది. చెట్టుకు అలా జరగదు. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షిగో అనే శాస్త్రవేత్త వేల చెట్లను రంపంతో నిలువునా చీల్చి పరిశీలించి, 1977లో ఒక నమూనాను ప్రతిపాదించాడు. దాని ప్రకారం చెట్టు చెడిపోయిన కణజాలాన్ని బాగుచేసుకోదు. దాని చుట్టూ గోడలు కట్టి వేరుచేస్తుంది. నిలువుగా పాకకుండా ఒకటి, లోపలికి పాకకుండా ఒకటి, పక్కలకు పాకకుండా ఒకటి. ఇవి మూడూ గాయానికి ముందు నుంచీ ఉన్న కర్రలోనివి. నాలుగోది గాయం తరువాత కేంబియం కొత్తగా కట్టే గోడ. నాలుగింటిలోకి ఇదే బలమైనది. అందుకే గాయమైన తరువాత పెరిగిన కొత్త కర్ర సాధారణంగా బాగుంటుంది, పాత కర్ర లోపల కుళ్లుతూ ఉంటుంది. తొర్ర చెట్లు ఎలా పుడతాయో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి గుర్తుంచుకోండి. గోడలు కట్టాలంటే చెట్టు బతికి ఉండాలి. చచ్చిపోయిన చెట్టుకు కాపలా ఉండదు. రసదారువులోకి, వేళ్లలోకి శిలీంధ్రాలు, చెదలు స్వేచ్ఛగా చొరబడతాయి. అందువల్ల ఎండిపోయిన చెట్టు విషయంలో అడగవలసిన మొదటి ప్రశ్న ‘ఇది ఎప్పుడు చచ్చిపోయింది?’ అన్నది. దానికి జవాబు పరికరాలు చెప్పవు. ఎదురింటి తాతగారిని అడిగితే చెబుతారు. మొన్నటి వేసవిలో ఎండిన చెట్టు, నాలుగు వానాకాలాల కిందట ఎండిన చెట్టు చూపుకు ఒకేలా ఉండవచ్చు. రెండోది ఎక్కడమంటే ప్రాణాలతో చెలగాటమే.

తొర్ర చెట్టు లెక్క

లోపల బోలుగా ఉన్న చెట్టు తప్పకుండా పడిపోతుందా? పడిపోదు. సైకిల్ ఫ్రేమును చూడండి, వెదురును చూడండి. అవి బోలు గొట్టాలే. ఒక స్తంభం వంగినప్పుడు దాని బయటి అంచుల్లోనే ఎక్కువ ఒత్తిడి ఉంటుంది, మధ్యలో దాదాపు ఏమీ ఉండదు. వంపును తట్టుకునే శక్తిలో మధ్య భాగం వాటా చాలా తక్కువ. గుండ్రని కాండం వ్యాసార్థంలో తొర్ర వ్యాసార్థం ఎంత భాగమో కనుక్కుని, ఆ భిన్నాన్ని నాలుగో ఘాతానికి హెచ్చిస్తే, పోయిన బలం వస్తుంది.

మీరే వేసి చూడండి. తొర్ర సగం వరకు ఉంటే 0.5 నాలుగో ఘాతం 0.0625. అంటే పోయిన బలం సుమారు 6 శాతమే. తొర్ర 70 శాతం ఉంటే 24 శాతం పోతుంది. 80 శాతానికి 41 శాతం, 90 శాతానికి 66 శాతం పోతుంది. మొదట్లో నింపాదిగా ఉన్న నష్టం, గోడ పలచబడేకొద్దీ ఒక్కసారిగా పెరగడం గమనించారా?

జర్మనీకి చెందిన క్లాస్ మాథెక్ విరిగిన చెట్లను, నిలిచిన చెట్లను పెద్ద సంఖ్యలో పోల్చి ఒక కొండగుర్తు చెప్పాడు. గట్టి కర్ర గోడ మందం, కాండం వ్యాసార్థంలో సుమారు 30 శాతం కంటే తగ్గితే అనుమానించాలి అన్నాడు. 60 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న చెట్టుకు కనీసం 9 సెంటీమీటర్ల గట్టి గోడ చుట్టూ ఉండాలన్నమాట. ఇది కొండగుర్తు మాత్రమే, హామీ కాదు. తొర్రకు పక్కన నోరు తెరుచుకుని ఉంటే గొట్టం నిలువునా చీల్చినట్టే. బలం లెక్క కంటే బాగా తగ్గుతుంది. తొర్ర ఒక పక్కకు జరిగి ఉంటే పలచని వైపే విరుగుతుంది. మిగిలిన గోడలోకి గోధుమ కుళ్లు అప్పటికే పాకి ఉంటే మందాన్ని కొలవడంలో అర్థమే లేదు. అన్నిటికీ మించి, ఈ లెక్క కాండానికి సంబంధించినది. వేళ్ల గురించి ఇది ఒక్క మాట కూడా చెప్పదు.

నేల మీద నిలబడి చదవవలసిన పాఠం

అనుభవమున్న వృక్ష నిపుణులు తాడు తీయడానికి ముందు చెట్టు చుట్టూ తిరుగుతారు. చూపు కింది నుంచి పైకి వెళుతుంది. మీరూ అలాగే చూడటం నేర్చుకోండి.

మొదట నేల. ఒక పక్క మట్టి పగుళ్లిచ్చి పైకి లేచిందా? చెట్టు ఒరగడం మొదలైందని అర్థం. ఈమధ్య రోడ్డు వెడల్పు కోసమో, కాలువ కోసమో, కేబుల్ కోసమో ఒక పక్క తవ్వారా? అటువైపు వేళ్లు తెగి ఉంటాయి. చెట్టు మొదలు చుట్టూ సిమెంటు పోసి ఉంటే కింద ఏముందో కనబడదు. కనబడనిదాన్ని బాగుందనుకోకూడదు.

తరువాత మొదలు. పుట్టగొడుగులు, ముఖ్యంగా చెక్కలా గట్టిగా ఏళ్ల తరబడి ఉండే రకాలు, లోపల కుళ్లు చాలా దూరం వెళ్లిందని చెబుతాయి. అయితే పుట్టగొడుగు లేకపోతే కుళ్లు లేదని కాదు. శిలీంధ్రం అసలు శరీరం కర్ర లోపల దారాల రూపంలో ఉంటుంది. బయట కనిపించేది దాని ఫలనాంగం మాత్రమే. అది కొన్ని నెలలే కనబడవచ్చు, ఎవరో గిల్లి పారేసి ఉండవచ్చు.

ఇక కాండం. తొర్రలు, జిగురు కారిన గుర్తులు, నిలువు పగుళ్లు, పాత గొడ్డలి గాట్లు, చెదపుట్ట దారులు వెతకండి. వడ్రంగి పిట్ట గూడు ఉందంటే అక్కడ కర్ర మెత్తబడిందని ఆ పిట్ట ముందే పరీక్షించి చెప్పినట్టు. కాండం ఒకచోట అసహజంగా ఉబ్బి ఉంటే, బలహీనమైన భాగం చుట్టూ చెట్టు ఎక్కువ కర్ర పేర్చుకుంటోందని అనుమానించాలి.

ఆ పైన పంగలు. రెండు పెద్ద కొమ్మలు ఇరుకు కోణంలో పక్కపక్కనే పెరిగితే మధ్యలో బెరడు నలిగి లోపల చిక్కుకుంటుంది. అక్కడ కర్రకు కర్ర అతకదు. వాననీరు నిలిచి పుచ్చు మొదలవుతుంది. చివరగా తల. కొసలు ఎండిపోతున్నాయా, ఒక పక్క ఆకు పలచబడిందా, తెగి ఇరుక్కుపోయిన ఎండు కొమ్మలున్నాయా చూడాలి.

కంటి తరువాత చెవి. చెక్క సుత్తితో కాండం చుట్టూ, కింది నుంచి పైకి, తట్టుతూ వినాలి. గట్టి కర్ర ఖంగుమంటుంది. బోలు భాగం డప్పులా పలుకుతుంది. పుచ్చకాయల బండి దగ్గర మన అమ్మమ్మలు చేసే పరీక్షే ఇది. సన్నని ఇనుప చువ్వతో వేళ్ల మొదళ్ల దగ్గర పొడిచి చూస్తే ఎంత లోతున గట్టి కర్ర తగులుతోందో తెలుస్తుంది. పరికరాలూ ఉన్నాయి. సన్నని సూదిలాంటి బరమాను కర్రలోకి పంపి, అది ఎదుర్కొన్న నిరోధాన్ని గీతగా గీసే యంత్రం ఒకటి. కాండం చుట్టూ సెన్సర్లు అమర్చి, శబ్ద తరంగాలు ఎంత వేగంగా దాటుతున్నాయో కొలిచి, లోపలి చిత్రాన్ని గీసేది మరొకటి. గట్టి కర్రలో శబ్దం వేగంగా పోతుంది. కుళ్లిన చోట చుట్టూ తిరిగి ఆలస్యంగా చేరుతుంది. ఏ పరికరమైనా పరీక్షించిన చోటు గురించే చెబుతుందని మరిచిపోకూడదు.

తాటి, కొబ్బరి దారి వేరు

ఇంతవరకు చెప్పినది ద్విదళబీజ వృక్షాల సంగతి. మన ప్రాంతంలో రోజూ మనుషులు ఎక్కే తాటి, కొబ్బరి, ఈత ఏకదళబీజాలు. వీటి కాండంలో కేంబియం వలయం ఉండదు. గట్టి పోగుల కట్టలు అంచువైపు దట్టంగా, మధ్యలో పలచగా పరుచుకుని ఉంటాయి. బలమంతా బయటి పెంకులోనే. గాయమైతే కొత్త కర్ర పెరిగి దాన్ని కప్పదు. ఎక్కడానికి వీలుగా కొబ్బరి కాండం మీద చెక్కిన మెట్లు చెట్టు ఉన్నంతకాలం అలాగే ఉండిపోతాయి. ఒక్కో గాటూ బలమైన పెంకులో ఒక్కో లోటు, కుళ్లుకు ఒక్కో వాకిలి.

కొబ్బరిలో గానోడెర్మా తెగులు మొదలును, వేళ్లను కుళ్లబెడుతుంది. కింది ఆకులు వాడి వేలాడటం, మొదట్లో జిగురు కారడం దాని గుర్తులు. మొవ్వు కుళ్లిపోయి తల ఎండిన కొబ్బరిచెట్టుకు వేరే చిగురు రాదు. అది చచ్చిన చెట్టే. అలాంటి చెట్టును ఎక్కకూడదు.

తాటిచెట్టు ఎక్కే గీత కార్మికులకు మోకే ప్రాణాధారం. వారి కోసం 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య పేరుతో భద్రతా కిట్ల పంపిణీని ప్రారంభించింది. మంచి పని. కాలు జారితే ఆ పట్టీ, ఆ తాడు మనిషిని ఆపుతాయి. కానీ భౌతికశాస్త్ర విద్యార్థులుగా మీరు ఒక విషయం గమనించాలి. తాడును కట్టింది చెట్టుకే. చెట్టే కూలితే తాడు మనిషిని రక్షించదు, చెట్టుతోపాటు కిందికి లాగుతుంది. ఏ భద్రతా పరికరమైనా తనను కట్టిన ఆధారమంత గట్టిదే.

ఎక్కిన మనిషి, కోసిన ముక్క

‘ఈ చెట్టు నలభై ఏళ్ల గాలివానలకు నిలబడింది, నా బరువుకు పడుతుందా?’ అని కొందరు వాదిస్తారు. వినడానికి బాగానే ఉంది. అయితే ఆ నలభై ఏళ్లూ చెట్టు మోసింది తనకు అలవాటైన బరువు. చెట్టు గాలి వీచే తీరును బట్టి తన కర్రను పేర్చుకుంటుంది. మీరు ఎక్కి ఒక పక్క కొమ్మ మీదికి జరిగితే అది కొత్త బరువు, కొత్త దిక్కు. పనిముట్లతో కలిపి 80 కిలోల మనిషి కాండానికి 3 మీటర్ల దూరంలో కొమ్మ మీద ఉంటే, పంగ దగ్గర 240 కిలోగ్రామ్-మీటర్ల వంపు బలం అదనంగా చేరుతుంది. పైగా మనిషి కదలకుండా ఉండడు. ఊగుతాడు, లాగుతాడు, కోస్తాడు.

తాడుతో ఎక్కేవాళ్లు ఎక్కడానికి ముందు ఒక పరీక్ష చేస్తారు. పై కొమ్మ మీదుగా తాడు వేసి కింద ఇద్దరు మనుషులు వేలాడి చూస్తారు. ఒక్కరిని మోయవలసిన కొమ్మ ఇద్దరిని మోస్తుందా అని. చేయదగిన పరీక్షే. అయితే ఇది పరీక్షించేది ఆ కొమ్మను. కాండం పక్కనుంచి నిటారుగా కిందికి లాగితే చెట్టు మొదలు మీద వంపు బలం పెద్దగా పడదు. అందుకే ఈ పరీక్షలో నెగ్గిన చెట్టు కూడా పైన కోత మొదలయ్యాక మొదట్లో విరగవచ్చు.

కోత మొదలయ్యాక ఏం జరుగుతుందో లెక్క వేద్దాం. పైభాగం నుంచి 100 కిలోల ముక్కను కోసి, కాండానికే కట్టిన గిలక మీదుగా తాడుతో పట్టి దించుతున్నారనుకోండి. ముక్క 2 మీటర్లు స్వేచ్ఛగా పడి, తాడు బిగిసి అర మీటరులో ఆగింది. మొత్తం పడిన ఎత్తు 2.5 మీటర్లు. ఆ శక్తినంతా అర మీటరులో ఆపాలి కనుక తాడు మీద సగటు బలం 5 రెట్లు, అంటే 500 కిలోల బరువుకు సమానం. గిలకకు రెండు వైపులా తాడు లాగుతుంది కనుక గిలక కట్టిన కాండం మీద పడేది సుమారు 1000 కిలోలు. ఇది సగటు మాత్రమే, గరిష్ఠం ఇంకా ఎక్కువ. 100 కిలోల ముక్క టన్ను దెబ్బ కొట్టింది! ఆ కాండానికే మనిషి తనను కట్టుకుని ఉన్నాడు. కూర్చున్న కొమ్మను నరుక్కోవడం కథల్లోనే కాదు, ఈ రూపంలో కూడా జరుగుతుంది.

కింద నిలబడి మొత్తంగా పడగొట్టేటప్పుడు మరో చిక్కు ఉంది. చెట్టు కోసేవారు కోతను పూర్తిగా తెంచరు. మధ్యలో సన్నని కర్రపట్టీ వదులుతారు. అది తలుపు బందులా పనిచేసి చెట్టును అనుకున్న దిక్కుకు వాలుస్తుంది. పుచ్చిన కర్రలో ఈ బందు నిలవదు. మధ్యలోనే తెగిపోతుంది, చెట్టు తనకిష్టమైన దిక్కుకు పడుతుంది.

ఎక్కకూడదని తేలితే

అన్నీ చూశాక తేలే సరైన జవాబు చాలాసార్లు ‘ఎక్కవద్దు’ అన్నదే. ఆ మాట చెప్పగలగడం పిరికితనం కాదు, ఈ విద్యలో అదే పెద్ద నేర్పు. అప్పుడు దారులేమిటి? చెట్టు మీద ఆధారపడకుండా తన కాళ్ల మీద తాను నిలిచే బకెట్ లిఫ్టు నుంచి పనిచేయడం మొదటిది. క్రేనుతో ముక్కలను పైనుంచి పట్టుకుని తీయడం రెండోది. పక్కనే పరీక్షించి చూసిన గట్టి చెట్టు ఉంటే, మనిషి తాడును, గిలకను దానికి కట్టడం మూడోది. ముక్కలు చిన్నవిగా కోయాలి. వదిలేసి ఆపే పద్ధతి కాకుండా, తాడు బిగువుగా ఉంచి నెమ్మదిగా దించాలి. ఒక పక్క కొమ్మలన్నీ ముందే తీసేసి చెట్టు తూకం తప్పించకూడదు. ఖాళీ స్థలం ఉంటే, మనుషులను చెట్టు ఎత్తుకు రెండు రెట్ల దూరం జరిపి, పొడవైన తాడుతో దూరం నుంచి లాగి పడగొట్టడం మేలు.

వాన కురిసిన వెంటనే, గాలి ఉన్నప్పుడు ఈ పని పెట్టుకోకూడదు. నేల మెత్తబడి వేళ్ల పట్టు తగ్గుతుంది, తడిసిన చెట్టు బరువెక్కుతుంది. తీగలు దగ్గరగా ఉంటే విద్యుత్ శాఖ వారు సరఫరా ఆపేవరకు గొడ్డలి ఎత్తకూడదు. తొర్రలో తేనెటీగలు, కందిరీగలు, పాములు ఉండవచ్చు. తెలుగు రాష్ట్రాల్లో చెట్టు కొట్టడానికి 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి తీసుకోవాలన్నది కూడా మరవకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు లెక్కలేనన్ని చెట్లు పడ్డాయి, ఎన్నో సగం ఒరిగి నిలిచాయి. అలా ఒరిగి ఇరుక్కున్న చెట్టు బిగించిన విల్లులాంటిది. ఎక్కడ కోస్తే ఎటు తన్నుతుందో తెలిసిన నిపుణులే దాన్ని ముట్టాలి.

పుచ్చిన ప్రతి చెట్టునూ కొట్టాలా?

ఇదంతా విని, తొర్ర కనబడగానే గొడ్డలి పట్టమన్నానని అనుకోకండి. కోల్‌కతా సమీపంలో ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ ఉద్యానవనంలోని మహావటవృక్షం అసలు మాను శిలీంధ్రం బారిన పడితే 1925లో దాన్ని తొలగించారు. ఆ చెట్టు ఈనాటికీ వేల ఊడల మీద నిలిచి పెరుగుతూనే ఉంది. మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రిలో 2017 డిసెంబరులో చెద తిన్న పెద్ద కొమ్మ విరిగిపడింది. సందర్శకులను ఆపారు. 2018లో సెలైన్ సీసాలతో చుక్కచుక్కగా చెద మందు ఎక్కించారు, వాలిన కొమ్మలకు ఆధారాలు కట్టారు. అపాయాన్ని తగ్గించడానికి చెట్టునే తీసేయనక్కరలేదు. చెట్టు కింద నుంచి మనుషులను తప్పించవచ్చు, తల బరువు తగ్గించవచ్చు, ఊత ఇవ్వవచ్చు. చెట్టు పడితే ఎవరి మీద పడుతుందన్న ప్రశ్న, చెట్టు పడుతుందా అన్న ప్రశ్నతో సమానమైనది. అడవి నడుమ తొర్ర చెట్టు చిలుకలకు, గుడ్లగూబలకు ఇల్లు. బడి గేటు పక్కన అదే చెట్టు ప్రమాదం.

గోదావరి గట్టున కుమారదేవంలో ‘సినిమా చెట్టు’గా పేరుపొందిన నిద్రగన్నేరు 2024 ఆగస్టులో కూలిపోయింది. కొంతకాలానికి దాని మోడు చిగిర్చింది. కూలిన చెట్టు చిగిర్చిందంటే దాని అర్థం మీకిప్పుడు తెలుసు. చెట్టు పడిన రోజు కూడా బతికే ఉంది. దానికి లేనిది జీవం కాదు, బలం.

మీకొక చిన్న పని ఇస్తున్నాను. మీ బడి, కళాశాల ఆవరణలోని చెట్లకు ఒక పుస్తకం తెరవండి. ప్రతి చెట్టుకూ ఒక పేజీ. ఏటా వానలకు ముందు, వానల తరువాత చుట్టూ తిరిగి నేల, మొదలు, కాండం, పంగలు, తల చూసి రాయండి. పుట్టగొడుగు కనబడితే తేదీ వేసి బొమ్మ గీయండి. అంతా నేల మీద నిలబడే చేయండి, ఎక్కవద్దు. అనుమానం కలిగితే ప్రధానోపాధ్యాయులకు రాతపూర్వకంగా ఇవ్వండి. చెట్టెక్కడానికి ఎవరైనా వస్తే, ఆయన పైకి వెళ్లకముందే ఆ పేజీ ఆయన చేతిలో పెట్టండి.

మా పాఠశాలలో అలాంటి పేజీ ఒక్కటి ఉండి ఉంటే ఆ మనిషి చెట్టెక్కేవాడు కాదు. మూడేళ్లు పిల్లలకు నేను ఆ పుట్టగొడుగు పేరు చెప్పాను. మీకు దాని అర్థం కూడా చెప్పాను. ఇక చూడవలసింది మీరు.